మామ్మగారి స్విచ్చి

తంతి లేదు గానీ తంతు మాత్రం చాలా ఉంది. మా లంకలో వైర్‌లెస్సు పెట్టిన సంగతి ఒక్క ముక్కలో చెప్పమంటే ఇంతే. రెండో ముక్క కావాలంటే పొద్దుండగా అడగాలి. దీపాలు పెట్టే వేళ దాటాక నేను ఆ మాట ఎత్తను.

నా పేరు రాఘవులు. రేడియోలు బాగుచేసేవాణ్ణి. రేడియోలు పోయాక టేపురికార్డర్లు, అవి పోయాక టీవీలు. ఊళ్ళో ఏది పాడైతే అది నాకు బాగు. రాజోలుకి ఎదురుగా, గోదావరి పాయకి ఇవతల మా లంక. నావ ఎక్కితే పావుగంట. ఇంటికొకరు గల్ఫులో ఉంటారు. రెండువేల ఏడులో వాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడాలంటే ఫోను కార్డులు గీకి గీకి గోళ్ళరిగిపోయేవి. వైఫు ఇక్కడ, మొగుడు అక్కడ, మధ్యలో ఓ వైఫై పెడితే పోలా అని మొదట అన్నది నేనే. మాట బాగుందని అన్నాను గానీ పని అవుతుందని కాదు.

రాజోలులో కంప్యూటర్ల కొట్టున్న దత్తసాయి ఆ మాట పట్టుకున్నాడు. అతని కొట్టుకి అప్పుడే బ్రాడ్‌బ్యాండు వచ్చింది.

“సాయంత్రమయ్యేసరికి నా దగ్గర ఊరికే పడుంటుందండి. గోదారికి ఇన్ని పాయలున్నాయి కదా, దీనికీ ఓ పాయ తీసి మీ లంకకి తోలుకుపోండి. నాకేం ఇవ్వక్కర్లేదు” అన్నాడు.

అవతల అతని డాబా మీద ఒక డబ్బా, ఇవతల మాకొక డబ్బా. డబ్బా అంటే నిజంగా డబ్బాయే. గల్ఫు నుంచి వచ్చిన పాలపొడి డబ్బాకి పక్కన చిల్లి పెట్టి, రాగితీగ ముక్క అతికించి, అవతలి డబ్బా వైపు ముఖం తిప్పితే గాల్లో వచ్చేదాన్ని పట్టుకుంటుంది. ఇంటింటికీ వెళ్ళి ఖాళీ డబ్బాలు అడిగాను. పప్పులు పోసుకున్న డబ్బాలు కూడా ఒంపేసి ఇచ్చారు. ఒకరు వెదురు గెడలు, ఒకరు వైరు, ఇంకొకరు పనివాళ్ళకి అన్నం. నేను డబ్బా కొట్టుకుంటున్నానని అనుకోకండి. సుత్తి పెట్టి నిజంగానే పదకొండు కొట్టాను.

కొట్టడం తేలిక, కట్టడం కష్టం. తడిసిన కొబ్బరాకు సిగ్నలుని తాగేస్తుంది. అందుకని చెట్టెక్కి, మట్టల మీదికి లేచేట్టు వెదురు కట్టి, దాని చివర డబ్బా బిగించాలి. ఆ పని దింపులు తీసే నూకరాజుది. కాయలు దింపడానికి ఎక్కినప్పుడల్లా డబ్బా ముఖం కూడా సరిచేసి దిగేవాడు.

“రాఘవులుగారండీ, ఇది పెడమొహం పెట్టిందండీ, మీ ఆవిడలాగ!” అని పైనుంచి అరిచేవాడు. కింద మా ఆవిడ కూడా ఉండేది.

అయితే లంక మొత్తంలో ఏటి అవతల రాజోలుని నేరుగా చూసే చెట్టు ఒక్కటే. ఒడ్డున కామాక్షమ్మగారి పెరట్లో చెట్టు. దాని డబ్బాలోకి వచ్చింది ఆవిడ ఇంట్లో మేం పెట్టిన రౌటరు పెట్టెలో పడి, అక్కణ్ణుంచే మిగతా ఇళ్ళకీ నా కొట్టుకీ వచ్చేది. ఆ పెట్టె ఆరితే అందరం ఆరినట్టే.

కామాక్షమ్మగారంటే ఊరందరికీ మామ్మగారు. వేదం చెప్పుకున్న ఇల్లు. కొడుకు శ్రీరామమూర్తిగారు పురోహితుడు. పెళ్ళికీ చావుకీ ఆయన పంచాంగమే మాకు దారి. పెట్టె పెట్టుకుంటామని అడిగితే ఆయన గుమ్మంలో నిలబడి తటపటాయించారు. వెనకనుంచి ఆవిడ, “దేవుడి గది పక్క గూట్లో ప్లగ్గుంది కదరా. అక్కడ పెట్టు రాఘవులూ” అంది. అంతే. ఉరుములకి భయపడి పగలంతా స్విచ్చి కట్టేసి ఉంచేది. సాయంత్రం ఆరింటికి దీపం వెలిగించి ఆ చేత్తోనే స్విచ్చి వేసేది. ఎనిమిదికి స్విచ్చి కట్టేసి పడుకునేది. ఊరంతా ఆ రెండు గంటలకి అలవాటుపడింది.

ఆ రెండు గంటలూ నా కొట్లో కంప్యూటరు ముందు వరుస. అందరికన్నా ముందు పేటలోంచి విజయకుమారి వచ్చేది. ఆమె మొగుడు పేతురు గల్ఫులో ఓ ఇంట్లో డ్రైవరు. దారిలో మామ్మగారు గేటు దగ్గర ఆపేది.

“ఏమే, మీ ఆయన మాటలన్నీ నా ఇంట్లోంచే పోతున్నాయిటగా?”

“ఆయ్, అవునండి మామ్మగారండి.”

“మరి చూసుకు మాట్లాడుకోండే. నా చెట్టు పెద్దది, సిగ్గుపడుతుంది.”

విజయకుమారి కొంగు నోట్లో కుక్కుకుని పరిగెత్తుకొచ్చేది. ఆ గేటు దాటి లోపలికి ఎన్నడూ వెళ్ళలేదు. రమ్మని ఆవిడా అనలేదు. మాటలు మాత్రం దేవుడి గది పక్కనుంచే వెళ్ళేవి.

ఆషాఢ పౌర్ణమి వెళ్ళిన రెండోనాడు మామ్మగారు పోయింది. స్విచ్చి వేసి, గోడకి జారగిలబడి కూర్చుని, అలాగే. మూర్తిగారు పంచాంగం విప్పారు, మూశారు, మళ్ళీ విప్పారు. ధనిష్ఠా నక్షత్రం. దాంతో మొదలయ్యే ఆ అయిదు నక్షత్రాల పంచకంలో మనిషి పోతే ఇల్లు ఆరు నెలలు వదిలిపెట్టాలి. లోపల అడుగు పెట్టకూడదు, వెలుగు పెట్టకూడదు. పెడితే ఆ పోయిన ప్రాణం ఇంకో ప్రాణాన్ని వెంట తీసుకుపోతుందంటారు. ఊరందరికీ ఎన్నోసార్లు చెప్పిన మాట ఈసారి ఆయన తనకే చెప్పుకున్నారు. కర్మలైన మర్నాడు తలుపుకి తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా రేగికంప పెట్టి, భార్య పద్మశ్రీగారినీ ఎనిమిదేళ్ళ శ్రీవిద్యనీ తీసుకుని నా కొట్టు వెనక రెండు గదుల్లోకి వచ్చేశారు.

పంచుకుందామని పెట్టినదాన్ని పంచకం పట్టుకుంది. ఆ మాట కొట్టు ముందు పదిమందిలో గట్టిగానే అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. నాకు భయమేస్తే నోరు ఊరుకోదు, అదొక జబ్బు.

ఆ మంగళవారం విజయకుమారి వచ్చింది. కూర్చోలేదు.

“రాఘవులుగారండీ, శుక్రారం సాయంత్రానికి ఎలాగైనా నెట్టు రావాలండి.”

“ఏమైందమ్మాయ్?”

చెప్పింది. యజమాని కొడుతుంటే తట్టుకోలేక పేతురు రెండు నెలల కిందటే ఆ ఇల్లు వదిలి పారిపోయాడు. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోయింది. కాగితాల్లేకుండా అలా దాక్కుని బతికేవాణ్ణి గల్ఫులో ఖల్లివల్లీ అంటారు. మా లంకలో పాలుతాగే పిల్లలకి కూడా ఆ మాట తెలుసు. ఇప్పుడు అక్కడి సర్కారు క్షమాభిక్ష పెట్టింది. గడువులోగా వచ్చి లొంగితే జైలు లేకుండా ఇంటికి పంపేస్తారు. గడువు ఆదివారంతో సరి. పాస్‌పోర్టు నకలు చూపించాలని అక్కడి తోటివాళ్ళెవరో సెల్లుకి ఫోను చేసి చెప్పారట. ఆ జెరాక్సు కాగితం ఇక్కడ, విజయకుమారి ఇనప్పెట్టెలో చీరల కింద ఉంది. పేతురు దగ్గర ఫోను లేదు, ఉంటే పట్టుబడతాడని భయం. శుక్రవారాలు మాత్రం మన ఆరున్నరకి, రాజోలువాళ్ళు అద్దెకున్న గదికి వచ్చి వాళ్ళ కంప్యూటరు ముందు కూర్చుంటాడు.

“రాజోలు వెళ్ళి దత్తసాయి కొట్లోంచి పంపెయ్యవే.”

“నావేదండి?”

నిజమే. ఎగువన వానలు. గోదావరి ఎర్రగా పొంగి, వేళ్ళతో సహా చెట్లని దొర్లించుకుపోతోంది. సోమవారం నుంచే నావలు కట్టేశారు. టెలిఫోను లైను మునిగింది. ఒడ్డున నిలబడితే సెల్లుకి ఒక గీత వచ్చేది. ఆ గీత మీద మాట వెళుతుంది గానీ కాగితం వెళ్ళదు.

నూకరాజుని మూడు చెట్లు ఎక్కించాను. తడిసిన మట్టల వెనకనుంచి ఏ డబ్బాకీ రాజోలు కనబడలేదు. మామ్మగారి పెరట్లోకి వెళ్ళి చెట్టు కిందనే ఏదైనా చూద్దామంటే మోకు చంకలో పెట్టుకుని చేతులు జోడించాడు. పెరడూ ఇల్లేనట.

“చెట్టుదేముందండి, ఎక్కేస్తాను. దిగేసరికి కింద ఆవిడ నిలబడి, ఏరా నూకరాజూ, కాయలెన్ని అనడిగితే నేనేం చెప్పనండి?”

బుధవారం సాయంత్రం ఆరింటికి నా కొట్లో కంప్యూటరు దానంతటదే నెట్టు అందుకుంది.

ఎవరో తలుపు తట్టినట్టు ఉలిక్కిపడ్డాను. ఒక నిమిషానికి దత్తసాయి రాత తెర మీదికొచ్చింది. “మీ వైపు వెలిగిందే! తాళం తీసేరాండీ?”

లేదు అని కొట్టాను. సరిగ్గా ఎనిమిదికి నెట్టు పోయింది.

గురువారం ఆరింటికి మళ్ళీ వచ్చింది. అప్పటికి సంగతి ఊరంతా పాకిపోయింది. మూడు వారాలుగా మొగుళ్ళ గొంతు కోసం మొహం వాచిన ఆడవాళ్ళు కూడా కొట్టు మెట్టెక్కలేదు. వీధిలో వానలో నిలబడి, వెలుగుతున్న తెరని చూసి వెళ్ళిపోయారు. నేను కూడా మౌసు ముట్టలేదు. ఎలక్ట్రికు పని చేసేవాణ్ణి, షాకులు తిన్నవాణ్ణి. ఆ మౌసు చల్లగా ఉంటుందేమోనని భయపడ్డాను.

“ఆవిడికి చావొచ్చింది గానీ అలవాటు చావలేదండి” అన్నాడు నూకరాజు, దూరం నుంచే.

విజయకుమారి మాత్రం లోపలికి వచ్చి తెర ముందు నిలబడింది. “రేపు కూడా వెయ్యండి మామ్మగారండి. రేపే కావాలి నాకు” అని చెప్పి వెళ్ళింది, గేటు దగ్గర చెప్పినట్టే.

నా బుర్ర మాత్రం తాళం చుట్టూ తిరుగుతోంది. ఆ ఇంటి తాళంచెవి ఒక్కటే. అది మూర్తిగారి జంధ్యానికి ఉంటుంది. పావుతక్కువ ఎనిమిదికి ఆయన గొడుగు పట్టుకుని వెనక గుమ్మంలోంచి చప్పుడు కాకుండా బయటికి నడిచారు. వెనకే వెళ్ళాను. ఒడ్డున గోదావరి ఒకటే హోరు. ఆయన గుమ్మం దగ్గర కంప పక్కకి లాగి, తాళం తీసి లోపలికి వెళ్ళారు. కిటికీలోంచి పెట్టె మీది చిన్న దీపాలు కనిపించాయి. తర్వాత కనిపించలేదు.

బయటికి రాగానే ఎదురుపడ్డాను. గుండెల మీంచి ఎంత బరువు దిగిందో చెప్పలేను.

“దొరికేరు మూర్తిగారూ! ఊరంతా దెయ్యమంటోంది. తీరా చూస్తే స్విచ్చి వేస్తున్నది తమరా!”

ఆయన తాళం వేస్తూ వేస్తూ ఆగారు.

“వెయ్యడానికి కాదండి నేను వస్తున్నది. కట్టడానికి.”

దిగిన బరువు మళ్ళీ ఎక్కింది.

“నిన్నా నేనే కట్టేను. స్విచ్చి కట్టి, తాళం వేసుకుని వచ్చేను. ఇవాళ ఆరింటికి మీ మిషను పలికినప్పుడు నేనెక్కడున్నానండి? మీ వెనక గదిలో శ్రీవిద్య నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్నాను. మీరూ చూసేరు.”

చూశాను.

“పిల్లకి నిన్నటినుంచీ జ్వరం. ఆ ఇంట్లో వెలుగు పడకూడదండి, రాఘవులుగారూ. పడుతోంది.” చెయ్యి చాపి చూపించారు. పెట్టెకి కరెంటు ఇచ్చే నల్ల దిమ్మ, వైరుతో సహా. “పీకి తెచ్చేసేను. రేపు ఎలా వెలుగుతుందో చూస్తాను.”

ఇద్దరం ఒకే గొడుగు కింద నడిచి వచ్చాం. దారిపొడుగునా నేను ఒక్క మాటా అనలేదు. నన్నెరిగినవాళ్ళు ఇది నమ్మరు.

శుక్రవారం అయిదున్నరకే విజయకుమారి వచ్చి కూర్చుంది. ప్లాస్టిక్కు కవరులోంచి కాగితం తీసింది. దాన్ని స్కానరు మీద పెట్టి కంప్యూటరులోకి ఎక్కించాను. ఆరైంది. ఏమీ రాలేదు. ఆరూ అయిదు. ఏమీ లేదు. తలుపు దగ్గర నూకరాజు కూడా వచ్చి నిలబడ్డాడు. దెయ్యం రాలేదని బెంగపడే రోజు వస్తుందని అతను అనుకుని ఉండడు.

“ఏమైందండి?” అంది విజయకుమారి.

“పెట్టెకి కరెంటు దిమ్మ లేదమ్మా. మూర్తిగారి దగ్గరుంది.” అంతవరకే చెప్పాను. గురువారం సంగతి చెప్పలేదు.

లేచి వెనక గది గుమ్మం దగ్గరకి వెళ్ళింది.

“పంతులుగారండీ.”

మూర్తిగారు మంచం పక్కనుంచి లేచి వచ్చారు. “నువ్వు ఏమడుగుతావో తెలుసమ్మా. లోపల నా పిల్లకి నూట మూడుంది.”

“తెలుసండి. మిమ్మల్ని ఎల్లమనట్లేదండి. తాళంచెవి ఇవ్వండి, దిమ్మ ఇవ్వండి. నేనెల్తాను.”

“నువ్వా! ఆ ఇంట్లోకా!” అన్నారు పద్మశ్రీగారు లోపల్నుంచి. ఆ రెండు ముక్కల్లో పంచకం పాలెంత, మిగతాదెంత అని నేను కొలవలేదు. విజయకుమారి కొలిచింది.

“ఆయ్, నేనేనండి. ఏడాదిగా మా ఆయన గొంతు మీ దేవుడి గది పక్కనుంచే ఎల్తందండి. మామ్మగారు ఒక్కనాడూ కడుక్కోలేదు.”

“అది కాదమ్మా” అన్నారు మూర్తిగారు. “వెళ్ళినవాళ్ళని కూడా పట్టుకుంటుందంటారు. నీకేమైనా అయితే ఆ పాపం నాది.”

“ఆదివారం దాటేక మా ఆయనకేమైనా అయితే అదెవరిదండి?”

ఆ పెట్టె బిగించింది నేను. వెళ్ళాల్సింది నేను. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చి అక్కడే చతికిలబడింది. పెళ్ళిళ్ళలో, చావుల్లో, రేవులో, ఎక్కడపడితే అక్కడ వాగే నోరు సరిగ్గా కావలసినప్పుడు నన్ను వదిలేసి పోయింది.

మూర్తిగారు జంధ్యం నుంచి తాళంచెవి విప్పారు. అలవాటు చొప్పున, ఆమె తీసుకునేట్టు గడప మీద పెట్టబోయి వంగారు. సగం వంగి ఆగారు. లేచి, తాళంచెవీ దిమ్మా ఆమె చేతిలో పెట్టారు.

నూకరాజూ నేనూ గేటు దాకా వెళ్ళాం. ఆరూ ఇరవై. విజయకుమారి గేటు తీసుకుని లోపలికి నడిచింది, కంప లాగింది, తాళం తీసింది. నూకరాజు టార్చిలైటు ఇవ్వబోతే అప్పటికే లోపల ఉంది. కాసేపు గోదావరి చప్పుడే. తర్వాత ఆమె గొంతు, మెల్లగా, ఎవరినో బతిమాలుతున్నట్టు. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ ఆమె గొంతు. మాటలు వినబడలేదు. ఆమె గొంతు తప్ప ఇంకో గొంతు వినబడలేదని మాత్రం ఎక్కడైనా చెబుతాను.

కిటికీలో చిన్న వెలుగు లేచింది.

ఆమె బయటికి వచ్చి, తాళం వేసి, కంప ఉన్నచోటే పెట్టి, గబగబా కొట్టు వైపు నడిచింది.

“ఎవరితోనే మాట్లాడేవు?” అన్నాడు నూకరాజు వెంటపడుతూ.

“గూటికి అడ్డంగా కూర్చున్నారండి. కొంచెం జరగండి మామ్మగారండి, టైమైపోతంది అన్నాను. జరిగేరు.”

నడుస్తూనే చెప్పింది. నూకరాజు అక్కడే ఆగిపోయాడు.

ఆరూ ముప్ఫై నాలుగు. తెర మీద పేతురు. గెడ్డం పెరిగిపోయి, కళ్ళు లోపలికి పోయి, ముందు పోల్చుకోలేకపోయాను. విజయకుమారి ఏడవలేదు, ఎలా ఉన్నావనీ అడగలేదు.

“కాగితం వస్తంది. చూసుకో” అంది.

కాగితం వెళ్ళడానికి ఆరు నిమిషాలు పట్టింది. ముగ్గురం తెర మీద మెల్లగా పాకే గీతని చూస్తూ కూర్చున్నాం. మూడోవారు మూర్తిగారు, వెనక గుమ్మంలో. మధ్యలో ఒకసారి గీత ఆగింది. విజయకుమారి పెదాలు కదిలాయి. ఆమె పిలిచింది ఏసునా, ఇంకెవరినా, నేను అడగలేదు. గీత కదిలింది.

“అందింది” అన్నాడు పేతురు. “నెంబరు కనబడతంది. ఫొటో కూడా. పొద్దున్నే ఎల్లి వరసలో నిలబడతాను.” ఆ కాగితంతోనే నిలబడ్డాడు, నెల తిరక్కుండా ఇంట్లో ఉన్నాడు. ఆ సాయంత్రం మాత్రం అది మాకెవరికీ తెలియదు.

మొహం తుడుచుకుని అడిగాడు. “మామ్మగారు ఎలా ఉన్నారే? అడిగేనని చెప్పు.”

పోయిందని అతనికి ఎవరు చెబుతారు? విజయకుమారి వెనక్కి తిరిగి మూర్తిగారిని ఒకసారి చూసింది.

“బాగానే ఉన్నారు. చెప్తాను” అంది.

పేతురు వెళ్ళిపోయాక ఆమె కాగితం మడిచి కవరులో పెట్టుకుంది. తాళంచెవి మూర్తిగారికి ఇచ్చింది. ఆయన చెయ్యి చాపి తీసుకున్నారు. దాన్ని మళ్ళీ జంధ్యానికి కట్టుకుంటూ అడిగారు.

“అమ్మ... ఏమైనా అందా?”

ఆమె గుమ్మం దగ్గర ఆగింది.

“రోజూ వచ్చి కట్టేసి ఎల్లిపోతన్నారంటండి మీరు. ఒక్క నిమిషం కూర్చోలేదంట.”

ఆయన నా వైపు చూశారు. నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. నిజంగానే చెప్పలేదు. ఆమె ఊహించి అన్నదో, పేతురు కబురు కోసం శనివారం కూడా నెట్టు కావాలి కాబట్టి అన్నదో, ఇప్పటికీ తేల్చుకోలేదు. అడిగే ధైర్యం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మూర్తిగారు లోపలికి వెళ్ళి పిల్ల నుదురు చూసుకున్నారు. తర్వాత గొడుగు తీసుకోకుండానే వానలోకి నడిచారు.

ఎనిమిదైంది. నెట్టు పోలేదు. ఎనిమిదిన్నరకీ పోలేదు. నూకరాజు ఆ దారినే ఇంటికి వెళుతూ చూశాడట. తలుపు తియ్యలేదు, లోపలికి వెళ్ళలేదు. బయట అరుగు మీద, రేగికంపకి ఇవతల, తడిబట్టలతో కూర్చుని ఉన్నారట మూర్తిగారు. మాట్లాడుతున్నారట, మామూలు గొంతుతోనే. పిల్ల జ్వరం గురించి, వరద గురించి. మధ్య మధ్య ఆగుతున్నారట, అవతలివాళ్ళు చెప్పేది పూర్తిగా విన్నాకే మళ్ళీ ఎత్తుకున్నట్టు.